నెల్లూరులో పెట్టిన నగల వేలం ప్రదర్శన: చూసి రండి, పాట పాడే ముందు మాత్రం కాగితం అడగండి

వచ్చే నెల ఆన్‌లైన్‌లో జరిగే నగల వేలానికి సరుకంతా ముందుగా తెచ్చి మాగుంట లేఅవుట్ వైపు ఒక హోటల్ హాల్లో చూపిస్తున్నారని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది కదా, అది వెళ్ళి చూసొచ్చాను, తీరిగ్గా, ఒక్కో పెట్టె దగ్గర ఆగి. తెలిసినవాళ్ళు చాలామంది ఫోన్ చేసి "ఎట్లుంది, పోవచ్చా" అని అడుగుతున్నారు కాబట్టి అందరికీ ఒకేసారి రాసేస్తున్నాను. సంస్థ పేరు వేయను. నాకు వాళ్ళతో తగాదా ఏమీ లేదు, పైగా నేను చెప్పబోయే లోపాల్లో సగం వాళ్ళు తలుచుకుంటే వేలం లోపు సర్దుకోగలిగినవే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: పాత నగలు చాలా బాగున్నాయి, "అరుదైన రత్నాలు" అని పెద్ద అక్షరాలతో వేసుకున్న సరుకే నాకు నమ్మకం కలిగించలేదు. ఐదుకి మూడు ఇస్తాను, ఆ మూడు కూడా పాత నగలకే.

మనవైపు నగల వేలం అనగానే గోల్డ్ లోన్ కంపెనీలు పేపర్లో వేసే నోటీసులే గుర్తొస్తాయి, అకౌంటు నంబర్లు చీమల బారులా అచ్చు వేసి ఉంటాయే, అవి. అక్కడ లెక్క సులువు. రాళ్ళు, పూసలు, లక్క అన్నీ తీసేసి నికరంగా బంగారం ఎంతుందో చూస్తారు, రేటుని బట్టి కనీస ధర పెడతారు, కొనేవాళ్ళు ఎక్కువగా కరిగించుకునే వ్యాపారులే. నగలో ఎంత మంచి కెంపున్నా అక్కడ దానికి పైసా లెక్కగట్టరు. ఈ వేలం దానికి పూర్తిగా తలకిందులు. ఇక్కడ బంగారం బరువు ఎక్కడో చివర్న చిన్న అక్షరాల్లో ఉంటుంది, అడిగే డబ్బంతా రాయికి, పాతదనానికి, దాని వెనక ఉన్న కథకి. ఈ మూడూ సవరల్లో తూచేవి కావు. అందుకే కాగితం, అంటే ల్యాబ్ రిపోర్టో రాతపూర్వకమైన రుజువో, అడగండి అని ఇంతగా మొత్తుకుంటున్నాను.

క్యాటలాగు మొదటి పేజీలో వేసింది ఒక కెంపు ఉంగరం. బర్మా కెంపు, సుమారు నాలుగు కారట్లు అని రాశారు. కారట్ అంటే గ్రాములో ఐదో వంతు, బంగారం క్యారెట్‌తో కలగలిపి చూడకండి. పెట్టెలో ఉన్నంతసేపు ఉంగరం నిప్పు కణికలా ఉంది, ఎందుకుండదు, హాలంతా పసుపు రంగు స్పాట్ లైట్లు, ఆ వెలుగులో కెంపూ బంగారమూ ఎప్పుడూ అందంగానే కనిపిస్తాయి. కిటికీ దగ్గరికి తెచ్చి చూపించమంటే కౌంటర్లో అమ్మాయి సెక్యూరిటీ వైపు చూసింది, సెక్యూరిటీ మేనేజర్ వైపు చూశాడు, మేనేజర్ కాసేపు ఆలోచించి సరే అన్నాడు. అక్కడ వాళ్ళని మెచ్చుకోవాలి, కాదనలేదు. పగటి వెలుగులోకి వచ్చేసరికి ఆ ఎరుపు కొంచెం గోధుమ రంగు వైపు తిరిగింది. లూప్, అంటే రాళ్ళు చూసే చిన్న భూతద్దం, పెట్టి చూస్తే లోపల రెండు మూడు గుండ్రటి బుడగలు కనపడ్డాయి, ఉంగరాన్ని వాల్చి నెమ్మదిగా తిప్పుతుంటే ఒక పగులు గీత వెంట నీలంగా తళుక్కుమని పోయింది. సీసం కలిపిన గాజుతో పగుళ్ళు పూడ్చిన కెంపుల్లో ఇలాంటి మెరుపు, బుడగలు కనిపిస్తాయి. నేను ల్యాబ్ కాదు, అదేనని తీర్పు చెప్పను. కానీ రంగు కోసం వేడి చేయని బర్మా కెంపులో సాధారణంగా కనిపించే సన్నటి సూదుల్లాంటి గీతలు, వ్యాపారంలో సిల్క్ అంటారు వాటిని, నాకు ఎంత వెతికినా దొరకలేదు. గాజు పూడ్చిన కెంపు కంసాలి మంట తగిలితే పాడవుతుంది, నిమ్మరసం లాంటి పులుపు పడ్డా పైన మచ్చలు పడతాయి, ధర కూడా అసలు కెంపు దరిదాపుల్లో ఉండదు. ల్యాబ్ రిపోర్ట్ ఉందా అంటే "కొన్నవాళ్ళు అడిగితే చేయిస్తాం మేడం" అన్నారు. కొన్నాక చేయించి ఏం చేసుకోను?

పోల్చడానికి చెబుతున్నా, 2023 జూన్‌లో న్యూయార్క్ సోథబీస్ వేలంలో ఎస్ట్రెలా డి ఫ్యూరా అనే మొజాంబిక్ కెంపు, 55.22 కారట్లది, 3.48 కోట్ల డాలర్లకి పోయింది. ఆ స్థాయి వేలాల్లో రాయి ఏ దేశపు గనిది, వేడి చేశారా లేదా అని పేరున్న ల్యాబులు ఇచ్చిన కాగితమే ధరలో సగం. మన హాల్లో ఉన్న రాయి ఆ స్థాయిది కాదు సరే, దాని మీద వేసిన అంచనా ధర మాత్రం కాగితం ఉన్న రాయికి వేసినట్టు ఉంది.

ఇక నన్ను నిజంగా నిలబెట్టింది ఒక అడ్డిగ, మెడకి పట్టి వేసుకునే పాతకాలపు నగ. ఆచారి వీధిలో జీవితమంతా కంసాలి పని చేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్న ఆచారి బాబాయి గారిని బతిమాలి తోడు తీసుకెళ్ళాను, మీరూ వెళ్తే అలాంటి ఒకరిని వెంటబెట్టుకోండి, కార్లో పెట్రోలు ఖర్చు కంటే ఎక్కువ లాభం. ఆయన ముందు వైపు చూడనే లేదు, తీసుకోగానే తిరగేశారు. వెనక అంతా బంగారం మూసేసి ఉంది, గోటితో అక్కడక్కడ చిన్నగా కొట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. "నిండా లక్క ఉండాదమ్మా, చూసేదానికి బరువు, కరిగిస్తే తేలిక" అన్నారు. తర్వాత ముందుకి తిప్పి కెంపులు పొదిగిన పువ్వుని చూపించారు, ఒక్కో రేకు ఒక్కో కొలత, ఒకటి కాస్త వెడల్పు, పక్కది సన్నం, రాయి ఎంతుంటే దానికి తగ్గట్టు బంగారాన్ని వంచి కట్టుకుంటూ పోయాడు చేసినాయన. "అచ్చులో పోసుంటే అన్నీ ఒక్క తీరున ఉంటాయి, ఇది చేత్తో కట్టింది" అని కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. మధ్యలో ఒక కెంపు మాత్రం మిగతావాటికంటే కాంతిగా ఉంది, తర్వాతెప్పుడో రాయి ఊడిపోతే కొత్తది వేశారన్నమాట. రాళ్ళ కింద మెరుపు కోసం పల్చటి లోహపు రేకు పెట్టి కట్టిన నగలు ఇవి, నీళ్ళు లోపలికి పోతే రేకు నల్లబడి రాయి చచ్చిపోయినట్టు కనపడుతుంది, కాబట్టి కొన్నవాళ్ళు కుంకుడు రసం, సబ్బు నీళ్ళు అని మొదలుపెట్టకండి, మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టుకోవడమే.

దాని మీద నా ఫిర్యాదు ఒక్కటే. క్యాటలాగులో మొత్తం బరువు వేశారు, నికర బంగారం బరువు వేయలేదు. అడిగితే "యాంటిక్ కాబట్టి బరువుతో సంబంధం లేదు మేడం" అని ఆ కుర్రాడు తేలిగ్గా తీసిపారేశాడు. పనితనానికి డబ్బు అడగండి, ఇస్తాం, కానీ లక్క ఎంత, రాళ్ళెంత, బంగారమెంత అన్నది కొనేవాళ్ళకి చెప్పాలా వద్దా? రేపు అవసరం పడి తాకట్టు పెట్టబోతే అక్కడ చూసేది ఆ నికర బరువే కదా. హాల్‌మార్క్ సంగతి కూడా ఇంతే. 2023 ఏప్రిల్ 1 నుంచి షాపువాళ్ళు అమ్మే హాల్‌మార్క్ నగ మీద అంకెలూ అక్షరాలూ కలిపి మొత్తం ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు కోడ్ ఉండాలి, దాన్ని ప్రభుత్వ ప్రమాణాల సంస్థ వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. రాళ్ళు పొదిగి కట్టే కుందన్, పోల్కీ, జడావు నగలకి మినహాయింపు ఉంది, ఈ అడ్డిగని వాళ్ళు ఆ కింద వేస్తామన్నారు, అది ఒప్పుకోవచ్చు. కానీ పక్క పెట్టెలో ఉన్న మామూలు గొలుసులు, గాజులు? వాటి మీద కూడా ఏ గుర్తూ కనపడలేదు, "వేలం లోపు వేయిస్తాం" అన్నారు. వేయించాకే పాడండి.

బ్లూ జాగర్ దిద్దులు గురించి మన పెద్దవాళ్ళ దగ్గర వినే ఉంటారు, మద్రాసు పోయి రవ్వల దిద్దులు కొన్న తరం వాళ్ళ నోట ఆ మాట ఎప్పుడూ ఉండేది. దక్షిణాఫ్రికాలోని జాగర్స్‌ఫాంటీన్ గని పేరు మీద వచ్చింది, అక్కడి తెల్లటి వజ్రాల్లో ఎండకి లేత నీలి కాంతి కనపడేది. ఆ గని 1971లో మూతపడింది. ఇక్కడ ఏడు రాళ్ళ దిద్దులు ఒక జత అదే పేరుతో పెట్టారు, ఈ జత మాత్రం నాకు బాగా నచ్చింది. నోట్లు చూసే చిన్న యూవీ టార్చి ఒకటి బ్యాగులో ఉంటే వేసి చూశాను, రెండు దిద్దుల్లోనూ దాదాపు అన్ని రాళ్ళూ నీలంగా వెలిగాయి, ఒక్కటి మాత్రం వెలగలేదు, అది మార్చిన రాయి అయ్యుండొచ్చు. నీలంగా వెలిగినంత మాత్రాన ఆ గని రాయేనని కాదు, వేరే గనుల వజ్రాలు కూడా వెలుగుతాయి. అసలు ఈ మెరుపుకి మనవైపు మురిసిపోయి ఎక్కువ ఇస్తారు, బయటి మార్కెట్లో మంచి తెల్ల రంగు వజ్రానికి ఇదే మెరుపు ఉంటే ధర తగ్గిస్తారు. అంటే ఇక్కడ పోటీపడి కొన్నది రేపు బొంబాయిలో అమ్మబోతే ఆ మోజు ధర రాదు. చెవులకి పెట్టుకోవడానికైతే కొనండి. రాళ్ళ చెక్కుడు పాత పద్ధతిలో ఉంది, ఇప్పటి యంత్రంతో కోసిన వజ్రాల్లా గుచ్చినట్టు మెరవదు, నిదానంగా మెరుస్తుంది. నాకు అదే ఇష్టం.

బస్రా ముత్యాల దండ అని ఒకటి ఉంది, గల్ఫ్ సముద్రంలో దొరికిన సహజ ముత్యాలని అలా అంటారు. పంటికి రాసి చూస్తే గరుకు తగిలింది, ముత్యమే, ప్లాస్టిక్ కాదు. కానీ పంటి పరీక్ష అంతవరకే పనికొస్తుంది. సముద్రంలో దానంతటది పుట్టిన ముత్యమా, లోపల గింజ పెట్టి పెంచిన కల్చర్డ్ ముత్యమా అన్నది ఎక్స్‌రే తీస్తే తప్ప గట్టిగా చెప్పలేరు. జపాన్ కల్చర్డ్ ముత్యాలు మార్కెట్లోకి వెల్లువలా వచ్చాక 1930ల్లో గల్ఫ్ ముత్యాల వ్యాపారం కుప్పకూలింది, అందుకే పాత బస్రా ముత్యానికి ఇప్పుడు ఆ గిరాకీ. ఈ దండకి ఎక్స్‌రే రిపోర్ట్ లేదు. ముత్యాలు మరీ గుండ్రంగా, మరీ ఒకే సైజులో ఉన్నాయి కూడా. నేనైతే దాటేశాను.

కాశ్మీర్ నీలం దగ్గర ఇంకో తమాషా. బోర్డు మీద "కాశ్మీర్ నీలం" అని పెద్దగా, క్యాటలాగు లోపలి పేజీలో "కాశ్మీర్ తరహా రంగు" అని చిన్నగా. ఈ రెంటికీ ధరలో భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. కాశ్మీర్‌లో పాడర్ దగ్గర కొండచరియ విరిగిపడి ఆ నీలాలు బయటపడింది 1881 ప్రాంతంలో, మంచి సరుకంతా కొన్నేళ్ళలోనే అయిపోయింది, ఇప్పుడు దొరికేవి పాత నగల్లోంచి తిరిగేవే. సిలోన్ రాయి రంగు బాగుంటే కాశ్మీర్ రంగు అని అమ్మడం వ్యాపారంలో ఉన్నదే, తప్పు కూడా కాదు, కానీ బోర్డు మీద కూడా అదే మాట రాయాలి కదా. మా ముందు ఒకాయన "శని నడుస్తోంది, ఈ నీలం నాకు పడుద్దా" అని ఆ కౌంటర్ అమ్మాయిని అడిగాడు, పాపం ఆమె క్యాటలాగు తిరగేయడం మొదలుపెట్టింది. పచ్చల హారం కూడా ఒకటుంది, కొలంబియా పచ్చలు అన్నారు, పగుళ్ళు కనపడకుండా పచ్చల్లో నూనె పట్టించడం మామూలే, ఎంత పట్టించారన్నదే ప్రశ్న, దానికీ జవాబు లేదు. పచ్చ అనేది బెరిల్ జాతి రాయి, మన గూడూరు, సైదాపురం అభ్రకం గనుల్లో బెరిల్ దొరికేదని ఆ మేనేజర్‌కి చెబితే ఆశ్చర్యపోయాడు. అది నగకి పనికొచ్చే పచ్చ కాదులెండి, కానీ ఊరి మాట ఊరి మాటే.

రిపోర్ట్ ఎక్కడ చేయించాలి అని అడిగేవాళ్ళకి: రత్నాలు పరీక్షించే జీఐఏ, ఐజీఐ ల్యాబులు రెండూ ముంబైలో ఉన్నాయి, రంగు రాళ్ళకి జైపూర్‌లో కూడా ఒక ల్యాబ్ ఉంది, ఒకప్పుడు దాని పేరు జెమ్ టెస్టింగ్ లాబొరేటరీ. రిపోర్ట్‌లో రాయి రకం, సహజమా ల్యాబ్‌లో పెంచిందా, ఏం చికిత్స చేశారు అన్నది ఉండాలి. ధర వేసి ఇచ్చే "సర్టిఫికెట్" చూపిస్తే నమ్మకండి, అది ఎవరో అంచనా వేసిన చీటీ, ల్యాబ్ రిపోర్ట్ వేరు.

డబ్బు లెక్క ఎవరూ నోరు విప్పి చెప్పరు కాబట్టి నేను చెబుతా. పాట ఎక్కడ ఆగిందో అది మీరు కట్టే మొత్తం కాదు. వీళ్ళ నిబంధనల్లో పాట ధర మీద 15 శాతం కొనుగోలుదారు ప్రీమియం, అంటే కొన్నవాళ్ళ దగ్గర వేలం సంస్థ తీసుకునే రుసుము, ఉంది, పెద్ద అంతర్జాతీయ సంస్థల్లో అయితే ఇది పాతిక శాతం అటూ ఇటూ ఉంటుంది, కాబట్టి 15 అన్యాయం అనలేను. మీరు పది లక్షలకి పాడారనుకోండి. ప్రీమియం లక్షా యాభై వేలు, ఆ ప్రీమియం మీద జీఎస్టీ 18 శాతం చొప్పున 27 వేలు, నగ మీద జీఎస్టీ 3 శాతం అంటే 30 వేలు, మొత్తం 12 లక్షల 7 వేలు. ఇది కాక ఇన్సూరెన్స్‌తో నెల్లూరుకి పంపే ఖర్చు. రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం చట్టం ఒప్పుకోదు, పాన్ కార్డు కావాలి, కాబట్టి రొయ్యలు అమ్మిన డబ్బు సంచిలో వేసుకుని వెళ్దామనుకునేవాళ్ళు ఆ ఆలోచన మానుకోండి. అన్నట్టు ఇందుకూరుపేట, కోవూరు వైపు చెరువుల వాళ్ళు, రైస్ మిల్లుల వాళ్ళు బాగానే వచ్చారు, కావలి నుంచి ఒక కుటుంబం అయితే పెళ్ళి నగల కోసం అమ్మాయిని కూడా తీసుకొచ్చి ఒక్కోటి మెడలో పెట్టి చూసుకుంది. పెట్టి చూడనిచ్చారు, అద్దం పట్టుకుని నిలబడ్డారు కూడా, అది మెచ్చుకోవాల్సిన విషయం.

పాడాలంటే ముందు డిపాజిట్ కట్టాలి. పాట మనకి రాకపోతే ఆ డిపాజిట్ ఎన్ని రోజుల్లో వెనక్కి ఇస్తారని అడిగాను. "త్వరగానే" అన్నారు. ఎన్ని రోజులు అని మళ్ళీ అడిగితే మెయిల్ పెట్టమన్నారు. పెట్టాను, ఇది రాసే సమయానికి జవాబు రాలేదు.

కథల సంగతికొద్దాం. రెండు మూడు నగలకి "ఒక సంస్థానం నుంచి" అని రాశారు, ఏ సంస్థానమో లేదు. మనవైపు ఏ పాత నగ చూపించినా వెంకటగిరి రాజావారి ఇంటిదే అంటారు, ఆ ఇంట్లో అన్ని నగలు ఉండి ఉంటే రాజావారికి నడవడానికి చోటుండేది కాదు. నిజంగా చరిత్ర ఉన్న నగకి చరిత్ర కాగితాల్లో ఉంటుంది. నిజాం నగలు 173 ఉన్నాయి, 1995లో భారత ప్రభుత్వం 218 కోట్లకి కొన్నది, అందులో జాకబ్ వజ్రం 184.75 కారట్లు, ఒక్కోదానికీ జాబితా ఉంది. నిజాం చేతిలో ఒకప్పుడు ఉన్న ప్రిన్సీ అనే గులాబీ రంగు గోల్కొండ వజ్రం, 34.65 కారట్లది, 2013లో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో 3.93 కోట్ల డాలర్లు పలికింది, అంతా అయ్యాక కూడా అది ఎవరిది అనే దాని మీద కోర్టు కేసు నడిచింది. అంత పెద్ద రాయికే అలా ఉంటే ఊరూ పేరూ లేని సంస్థానం నగ కొని రేపు ఎవరో వచ్చి మా అమ్మమ్మది అంటే మనం ఏం చూపిస్తాం?

ఇందులో ఇంకో మెలిక ఉంది. వందేళ్ళు దాటిన వస్తువు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, అమ్మేవాళ్ళకి లైసెన్సు ఉండాలి, దేశం దాటించకూడదు. అడ్డిగ పక్కన "130 ఏళ్ళ నాటిది" అని రాసి ఉంది. లైసెన్సు ఉందా అని అడిగాను, మేనేజర్ వెంటనే "సుమారు అండీ, తొంభై కూడా కావచ్చు" అన్నాడు. నలభై ఏళ్ళు అక్కడికక్కడే తగ్గిపోయాయి! అమెరికాలో ఉన్న కూతురికి పంపిద్దాం అని కొనేవాళ్ళు ఈ ముక్క రాతపూర్వకంగా తీసుకోండి, ఎయిర్‌పోర్టులో టెన్షన్ పడే బదులు.

హాలు విషయానికి వస్తే ఏసీ బాగుంది, కాఫీ బాగుంది, కుర్చీలు చాలవు. క్యాటలాగు అంతా ఇంగ్లిష్‌లోనే ఉంది, పెద్దవాళ్ళు బొమ్మలు చూసి పెట్టేస్తున్నారు, తెలుగులో నాలుగు పేజీలు వేస్తే వాళ్ళ సొమ్మేం పోయేది. పనిచేసే పిల్లలు మర్యాదగా మాట్లాడతారు కానీ క్యాటలాగులో ఉన్నది తప్ప ఇంకేం తెలియదు. ఒక పెద్దాయన మాత్రం ఉన్నారు, హైదరాబాద్ నుంచి వచ్చారట, ఆయన చేతిలో లూప్ పెట్టుకుని రాయిలో లోపం ఎక్కడుందో తనే చూపించి మరీ చెబుతున్నారు. ఆ దిద్దుల్లో వెలగని రాయిని చూపిస్తే దాచకుండా "అవునమ్మా, అది మార్చిందే, క్యాటలాగులో వేయమని చెబుతా" అన్నారు. వెళ్తే ఆయన ఉన్న టేబుల్ దగ్గరే నిలబడండి, సాయంత్రం జనం ఎక్కువైతే ఆయన దొరకరు, కిటికీ వెలుగు కూడా ఉండదు, కాబట్టి పొద్దున పదకొండు లోపే పొండి.

నేను ఏం చేస్తానంటే, కెంపు, నీలం, ముత్యాల దండ జోలికి పోను, ల్యాబ్ రిపోర్ట్ వచ్చినా ఆ అంచనా ధరలకి పోను. అడ్డిగకి నికర బరువు రాసిస్తే ఆచారి బాబాయి గారు చెప్పిన లెక్క వరకు పాడతాను, ఆయన చెప్పిన అంకె ఇక్కడ రాయను, మీరూ పాడతారేమో. దిద్దులకి మాత్రం డిపాజిట్ కట్టేది ఆ మెయిల్‌కి జవాబు వచ్చాకే.